గడువు దాటింది

అక్కా,

నేను క్షేమమే కానీ మనసే బాగాలేదు. కదలలేని పెద్దవాళ్లకి మా చిన్న లైబ్రరీ నుంచి పుస్తకాలు ఇంటికే పంపుతాం. తిరిగివ్వడం ఆలస్యమైతే ఫోన్ చేసి గుర్తుచేయడం నా పని. నిన్న ఒక రిటైరైన నర్సమ్మగారికి చేశాను. హడావుడిలో "అమ్మా, మీ గడువు దాటిపోయిందండీ" అనేశాను. "ఇంకొన్నాళ్లు పొడిగించరా తల్లీ?" అంది నీరసంగా. "కుదరదండీ, ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు. రేపు మా మనిషి వస్తాడు, సిద్ధంగా ఉండండి" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పక్క సీటావిడ తల పట్టుకుంది. "లైబ్రరీ నుంచని చెప్పావా అసలు? ఆవిడ గుండెజబ్బుతో మొన్ననే ఆస్పత్రి నుంచి వచ్చిందే!" అనేదాకా నాకు వెలగలేదు. అప్పట్నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. ఇప్పుడు నేనే ఆవిడ ఇంటికి బయల్దేరుతున్నాను.

అమ్మ కళ్లజోడు మార్పించావా? నా స్వెట్టర్ నీ బీరువాలోనే ఉంది, ఎవరైనా వస్తుంటే పంపు. నా ఘనకార్యం నాన్నకి చెప్పకు. బావగారికి నమస్కారాలు. పిల్లల బుగ్గలు నా బదులు ఓసారి గిల్లు.

నీ చెల్లి

కార్డు ఇంకా పోస్టు డబ్బాలో వెయ్యలేదు, అందుకే ఇది అంచున ఇరికిస్తున్నాను. వెళ్లొచ్చాను. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్లో మా పుస్తకం. నన్ను ఎగాదిగా చూసి, "ఇంత చిన్నపిల్లనా పంపించారు?" అంది. "ఆఖరి అధ్యాయం మిగిలింది. అది చదివేసి నీతో వచ్చేస్తాను, కాస్త కూర్చో తల్లీ."