ఎనభై ఒకటో ట్యూబు

అక్టోబర్ 14, 2025

మౌనిక మేడమ్ కుర్చీ మీద రబ్బరు బల్లిని పెట్టాను. కెవ్వుమంటుందని తలుపు వెనక నిలబడ్డాను. ఆమె తోక పట్టుకుని తీసి, దీనికి కూడా ఒక నంబర్ వేసి ఫ్రిజ్‌లో పెట్టు రామాంజులన్నా అంది. ఆరేళ్లుగా ఈ ల్యాబ్‌లో గాజుసామాను కడుగుతున్నాను. నన్నిట్లా తిప్పికొట్టిన సైంటిస్టు లేరు.

అక్టోబర్ 16

ఈరోజు చూసింది రాసిపెట్టుకోవాలి.

గొర్రెల నీలినాలుక రోగం వైరస్‌కు మౌనిక ఒక దీపం తగిలించింది. దీపమంటే ఏదో జీన్ అంట. తొమ్మిదో తరగతి తప్పినోడికి అర్థమైంది ఇంతే. కణాలు ఇళ్లు, వైరస్ దొంగ. దొంగ ఇంట్లో దూరితే పచ్చగా వెలుగుతుంది. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో మందు. ఏ గుంటలో వెలుగు రాకపోతే ఆ మందు దొంగను ఆపినట్టు. మొత్తం ఎనభై మందులు. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే.

స్క్రీన్ మీద చూపించింది. పచ్చ చుక్కలు, ఒక్కటొక్కటిగా కాదు, ఊళ్లకు ఊళ్లు. నాకు, అదీ నాకు, ఎగతాళి చేయబుద్ధి కాలేదు. పోయినేడు మా ఊరు కుందుర్పిలో మా అన్న చిన్నప్ప గొర్రెలు తొమ్మిది ఈ రోగంతోనే మూతులు వాచి, నాలుకలు నీలమెక్కి చచ్చిపోయాయి. గుంతలు తవ్వింది నేనే. అప్పుడు కంటికి కనపడనిది ఇప్పుడు ఇంత అందంగా వెలుగుతోంది. అందంగా ఉందనుకున్నందుకు చెంపలు వేసుకున్నాను.

అక్టోబర్ 17

మా నాయన గొర్రెలకు పోస్తుండిన ఆకు పసరు, ఊళ్లో అన్న దగ్గర తెచ్చింది, ఒక సీసా ఇంట్లో ఉంది. గుడ్డలో వడకట్టి ట్యూబులో పోసి, అచ్చం మౌనిక రాతలో 81 అని రాసి, మిగతా వాటి పక్కన నిలబెట్టాను. హెడ్ మేడమ్ కొత్తగా పంపిన మందనుకుని ఆమె దాన్ని కూడా వేసింది. పొద్దంతా నవ్వు ఆపుకోలేక చచ్చాను.

అక్టోబర్ 22, మధ్యాహ్నం 3

81 చీకటి. స్క్రీన్ మీద చుట్టూ గుంటలు పచ్చగా వెలుగుతుంటే మా నాయన గుంట అమావాస్య. మిగతా వరుసలు నేను చూడనేలేదు. మౌనిక ఇంకా చూడలేదు. బయటికి పోయి, నాయన పసరులోనే మందు దొరికిందని అన్నకు ఫోన్ చేశాను. మందలో మళ్లా రెండింటికి మూతులు వాచినాయి రా, ఆదివారం ఇరవై రెండిటికీ గిన్నెడు గిన్నెడు పోస్తా అన్నాడు.

అదే రోజు, 5 గంటలు

మౌనికకు చెప్పేశాను. తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. మామూలు లైటు వేసి చూడమంది. 81లో కణాలన్నీ ముడుచుకుపోయి, ఊడివచ్చి తేలుతున్నాయి. దొంగను ఆపలేదన్నా, ఊరే కూలిపోయింది, వెలగడానికి ఇల్లెక్కడుంది అంది. గొర్రెలకు గిన్నెడు పోస్తే ఏమవుతుందో తనకూ తెలియదంట. పోయనీయకు అంది.

అక్టోబర్ 23

హెడ్ హేమావతి మేడమ్ మెమో ఇచ్చారు. ప్లేటు మొత్తం మళ్లీ చేయాలి. రాత మాత్రం బాగా దించావు అన్నారు. నవ్వలేదు.

అన్నకు ఆరుసార్లు ఫోన్ చేశాను. నాయన చెంచాడే పోసేవాడు, గిన్నెడు వద్దన్నాను. ఏమప్పా, నిన్న దొరికె అంటివి, ఈపొద్దు వద్దు అంటాండావు, నీ నోట్లో ఏది నిజమో నీకన్నా తెలుసునా అన్నాడు. నా పెండ్లినాడు బాయి కాడ చిరుత ఉండాదని చెప్పి పెండ్లోళ్లనంతా మిద్దె ఎక్కిచ్చినోడివి నువ్వే కదా అన్నాడు. నేనే. ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇంకా మరవలేదు. 81 ఫొటో పంపితే, రంగు బాగా పూసినావులే అన్నాడు.

అక్టోబర్ 24

ఎల్లుండే ఆదివారం.

అక్టోబర్ 25

నిజం చెబితే అన్న కదలలేదు. ల్యాబ్‌లో నీకు శాలువా కప్పుతారంట అన్నాను. మొదటి బస్సుకే దిగాడు, తెల్లచొక్కా వేసుకుని.

బయటి గదిలో స్క్రీన్ ముందు కూర్చోబెట్టాం. పచ్చ వెలుగు రాగానే అన్న తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. నా గొర్రెల్లో కూడా ఇట్లే ఎలుగుతాండాదా తల్లీ అన్నాడు. వెలుగు మేము పెట్టింది పెద్దయ్యా, కానీ పాకడం ఇట్లాగే అంది మౌనిక. తర్వాత 81 చూపించింది. అన్న చాలాసేపు చూశాడు. జనం ఇడిసిపెట్టి పోయిన ఊరి మాదిరి ఉండాది అన్నాడు. పోయనులే అన్నాడు. వాచిన రెండింటినీ పశువుల డాక్టరుకు చూపిస్తానన్నాడు.

లేచి, శాలువా ఏదప్పా అన్నాడు. నేను నేల చూపులు చూశాను. మౌనిక బీరువాలోంచి కొత్త ల్యాబ్ కోటు తీసి ఆయన భుజాల మీద కప్పింది.

అక్టోబర్ 26

పసరు పారబోసినాడని వదిన ఫోన్ చేసింది. కోటు మాత్రం ఇప్పడం లేదంట.

నవంబర్ 14

కొత్త ప్లేటులో 46 చీకటి. మామూలు లైటు వేశాం. ఇంకా మూడుసార్లు చేసి చూడాలి, అంతవరకు ఎవరికీ చెప్పొద్దు అంది మౌనిక.

సాయంత్రం అన్న ఫోన్ చేసి, ఏమన్నా ఉండాదా అన్నాడు. ఏమీ లేదన్నాను.

చీకట్లో ఇళ్లన్నీ నిలబడే ఉన్నాయి.