ఎదురింట్లో నీలం లైటు

బావమరిది వీరభద్రానికి బావ రాసేది. ఫోనులో అయితే అమ్మాయి వింటుంది, అందుకే ఉత్తరం.

విమానాలు లేక జర్మనీలో, ఈ స్టుట్‌గార్ట్‌లో అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయాం. మీ అక్కకు కరోనా జ్వరం. కింద వీధిలో ఎవరో కొని వదిలేసిన పాత ఇంగ్లండు అంబులెన్సు ఉంది, పసుపు మీద ఆకుపచ్చ గళ్ళది. "దానికి బ్యాటరీయే లేదు మామయ్యా" అంటాడు అల్లుడు. అయినా సందెవేళ దాని నీలం లైటు మీ అక్క మంచం మీద తిరిగేది. "నాకోసమే వచ్చింది, పంపెయ్యండి" అని ఏడ్చేది.

ఆ ఏడు దయ్యం భయానికి మనూళ్ళో తలుపులన్నిటి మీదా "రేపు రా" అని రాశాం కదా, చదువుకుని వెనక్కి పోతుందని. ఇక్కడి తలుపు మీదా సుద్దతో అలాగే రాశాను. అల్లుడు నవ్వాడు. లైటు మళ్ళీ రాలేదు. మీ అక్క గంజి తాగుతోంది.

నిన్న ఆ లైటు ఎదురింటి ముసలమ్మ కిటికీలో తిరిగింది. ఆమె దగ్గు ఇక్కడిదాకా వినిపిస్తోంది. నాకు వాళ్ళ భాష రాదు, తలుపు కొట్టాలంటే మొహమాటం. నీ జవాబు వచ్చేదాకా ఆగలేను. ఈ సందెలోపే వెళ్ళి ఆమె తలుపు మీదా రాసేస్తాను. తప్పయితే తిట్టు.