కొండ రైలు దగ్గర కొలత

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఆటల పార్కు ప్రయాణానికి ఏమేం సర్దుకోవాలో, గేటు తియ్యగానే ఎటు పరిగెత్తాలో, ఏ బెంచీ మీద నీడ పడుతుందో నువ్వు రాసిందంతా మీ మరిది గట్టిగా చదివి ఇంటిల్లిపాదికీ వినిపించారు. చదవడం అయ్యాక, "మీ అక్క పిల్లల్ని ఆడించడానికి వెళ్ళిందా, దండయాత్రకి వెళ్ళిందా?" అన్నారు. నవ్వారే గానీ, మర్నాడే వెళ్ళి నువ్వు చెప్పిన రకం టోపీలు కొనుక్కొచ్చారు. సిటీ బస్సు నడిపే మనిషికి వరసగా సెలవు దొరకడమంటే మాటలు కాదు. అందుకని ఈ ప్రయాణం ఎక్కడా బెడిసికొట్టకూడదని ఆయన పట్టుదల.

మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎవరి సంచి వాళ్ళే సర్దుకోవాలి, ఎవరి సంచి వాళ్ళే మొయ్యాలి అని నువ్వు పెట్టిన నియమం అందరికీ నచ్చింది, మా అత్తగారికి తప్ప. ఆవిడ తలగడ, గొడుగు, ఫ్లాస్కు, దుప్పట్లు సర్దుకుని, వాటి మీద ఒక పెద్ద తాళంకప్ప పెట్టారు. "లాడ్జీ తలుపుకి తాళం ఉంటుంది అత్తయ్యా" అన్నాను. "దాని చెవి వాళ్ళ దగ్గర కూడా ఉంటుంది కదమ్మా" అన్నారు. ఆ తాళంకప్ప అంటే ఆవిడకి ప్రాణం. కిందటేడు నా కొలతల టేపు మురికిపట్టిందని సబ్బునీళ్ళలో నానబెట్టి ఉతికి, ముడతలు పోవాలని దాని చివర ఈ తాళంకప్పే కట్టి, పూర్తిగా ఆరేదాకా తీగ మీద వేలాడదీశారు. చంటిపిల్లకి స్నానం చేయించినంత శ్రద్ధగా చేశారు.

ఇక మా బుడ్డి. క్లాసులో అందరికంటే పొట్టి అని బళ్ళో పిల్లలు పెట్టిన పేరు అది. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు మేము పిలిచినా పలుకుతోంది. పార్కులో తక్కినవేవీ దానికి అక్కర్లేదు, ఎత్తుకి పాకి ఒక్కసారిగా కిందికి దూకే కొండ రైలు ఒక్కటే కావాలి. నాలుగడుగుల ఎత్తు ఉంటేగానీ ఆ రైలు ఎక్కనివ్వరని నువ్వు రాసిన దగ్గర్నుంచి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోంది. అడగకుండానే పాలు తాగేస్తోంది. ఆదివారం వచ్చిందంటే వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడి "అమ్మా, కొలువు" అంటుంది. నేను టేపు తీసి కొలుస్తాను.

కుట్టు దుకాణం ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. ఒక్క సంగతి మాత్రం తప్పకుండా రాయి. కొండ రైలు దగ్గర కొలత గట్టిగా చూస్తారా, పోనీలే అని వదిలేస్తారా?

నీ చెల్లెలు


అక్కా,

నీ జవాబు చూశాను. "గట్టిగా చూస్తారు, చూడాలి కూడా, అది ప్రాణాలతో పని" అని రాశావు. నిజమే. అది చదివాక నీకు ఇక ఏదీ దాచబుద్ధి కాలేదు. రేపు పొద్దున్నే ప్రయాణం. ఇంట్లో అందరూ సంచుల మీద పేర్లు రాసుకుంటున్నారు. నేను దుకాణంలో పని ఉందని చెప్పి ఇక్కడికి వచ్చి, మిషను బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడ పనేమీ లేదు.

దుకాణం బాగానే ఉందని రాసింది అబద్ధం. హోటల్ మేనేజరు వాళ్ళ మనుషులందరికీ యూనిఫారాలు కుట్టమన్నాడని అప్పట్లో నీకు గొప్పగా చెప్పుకున్నాను కదా. డ్యూటీలు మానుకుని వాళ్ళు నా దగ్గరికి రాలేరని, కొలతలు హోటల్లోనే తీయించి అంకెలు పంపాడు. ఆ అంకెల ప్రకారమే కత్తిరించాను, కుట్టాను, ఇస్త్రీ చేసి మూటగట్టి పంపాను. వారం తిరక్కుండా ఆ మూట అలాగే వెనక్కి వచ్చింది. ప్రతి చొక్కా వదులు. ప్రతి ప్యాంటూ నేల ఊడుస్తోందట. ఒకటో రెండో అయితే వాళ్ళు కొలిచిన తీరులో తేడా అనుకునేదాన్ని. అన్నీ వదులైతే తప్పు ఇంకెవరిది? మేనేజరు కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. "వయసు పైబడుతుంటే చూపు తగ్గడం మామూలేనండీ, ఏమీ అనుకోకండి" అని ఎంతో మర్యాదగా అన్నాడు.

ఆ మాట నన్ను తినేస్తోంది అక్కా. అప్పట్నుంచి గుడ్డ పరిచి కత్తెర పట్టుకుంటే చెయ్యి ముందుకి పోవడం లేదు. జాకెట్టు కుట్టమని ఎవరైనా వస్తే, చేతినిండా పని ఉందని అబద్ధమాడి పంపేస్తున్నాను. నువ్వు పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు కుట్టినప్పుడల్లా వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన పని ఇది. నా చెయ్యి పోయిందని నీకు ఎలా చెప్పను? పార్కు నుంచి రాగానే దుకాణం తాళంచెవి అద్దెకిచ్చినవాళ్ళకి ఇచ్చేస్తాను. రెడీమేడ్ కంపెనీలో గుండీలు కుట్టే పని ఉందట. గుండీలకి కొలతలతో పని లేదు. దుకాణం తెరిచిన రోజున నువ్వు చేతిలో పెట్టిన కత్తెర నీకే తిరిగి పంపేస్తాను. మీ మరిదికి ఇంకా చెప్పలేదు. ఎన్నాళ్ళకో దొరికిన సెలవు ఆయనకి పాడుచెయ్యాలని లేదు.

ఇక బుడ్డి సంగతి. మొన్న ఆదివారం కూడా ముప్పావు అంగుళం తక్కువే వచ్చింది. అది నా మొహంలోకే చూస్తోంది. "సరిపోతావులే" అనేశాను. నమ్మేసింది. అమ్మ దర్జీ కాబట్టి అమ్మ కొలత తప్పదని దాని లెక్క. అడుగు మందంగా ఉన్న బూట్లు కొని తొడుగుదామా అని కూడా ఒక క్షణం అనిపించి, నా ఆలోచనకి నేనే సిగ్గుపడ్డాను. అందుకని నీ ప్లాను తిరగేశాను. గేటు తియ్యగానే కొండ రైలు దగ్గరికి వెళ్ళమన్నావు, క్యూ పెరగకముందే. మేము మాత్రం ముందు నీళ్ళ ఆటలు ఆడి, బొమ్మల ఊరేగింపు చూసి, కడుపునిండా తిని, రంగులరాట్నం ఎక్కి, ఆఖర్నే అటు వెళ్తాం. అక్కడ ఎలాగూ ఏడుస్తుంది. కనీసం ఏడ్చేలోపు రోజంతా నవ్వి ఉంటుంది.

నవ్వుతూ తిరిగి రావాలని కోరుకో.

చెయ్యి తప్పిన నీ చెల్లెలు


నా బంగారు అక్కకి,

కళ్ళజోడు పెట్టుకో. కూర్చో. మధ్యలో లేవకుండా చదువు.

నా ప్లాను గేటు దగ్గరే చిత్తయిపోయింది. నేను నీళ్ళ ఆటల వైపు తిరిగానో లేదో, మా అత్తగారు సంచిలోంచి నీ మొదటి ఉత్తరం తీశారు. "మీ అక్క ముందు కొండ రైలు అంది. తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు వినాలి" అని గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచారు. బుడ్డి ఆవిడని కూడా దాటేసి పరుగు. నేను వెనకాల కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. "ఏంటలా ఉన్నావు, భయమా?" అని మీ మరిది నవ్వారు. భయమే అన్నాను.

కొండ రైలు ముందు ఒక చెక్క ఎలుగుబంటి చెయ్యి చాపి నిలబడి ఉంది. తల ఆ చేతికి తగిలిన పిల్లలకే లోపలికి దారి. దాని ఒంటి మీద పాదాల నుంచి చేతిదాకా అంగుళాలు గీసి ఉన్నాయి. పక్కన ఎర్రటోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి కాపలా. బుడ్డి వెళ్ళి కింద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"బూట్లు తియ్యక్కర్లేదు పాపా" అంది ఎర్రటోపీ అమ్మాయి.

"మా అమ్మ బూట్లతో కొలవదు" అంది బుడ్డి. సాక్సులు కూడా విప్పి, మా వంటింటి గుమ్మానికి ఆనుకున్నట్టే వీపు ఆనించి నిలబడింది. నేను చూడలేక అటు తిరిగిపోయాను.

"సరే, వెళ్ళండి" అన్న మాట వినబడింది.

ఎవరైనా అయితే పిల్లని ముద్దు పెట్టుకుని లోపలికి నడుస్తారు. నేనేం చేశానో తెలుసా? వెనక్కి తిరిగి, "సరిగ్గా చూశారా?" అన్నాను.

"తల తగిలిందండీ, వెళ్ళండి."

"తగలడానికి వీల్లేదు. మా పిల్ల ముప్పావు అంగుళం తక్కువ. మళ్ళీ చూడండి."

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "మావాడు పొడుగే ఉన్నాడు, మీరే సరిగ్గా చూడలేదని పోట్లాడే అమ్మల్ని రోజూ చూస్తాను. పొట్టిదని పోట్లాడే అమ్మని ఇప్పుడే చూస్తున్నాను" అంది. క్యూలో వాళ్ళంతా నవ్వారు. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, "పంపిస్తామంటుంటే నీకేం పట్టిందే అమ్మాయ్" అని గుంజారు. బుడ్డి మాత్రం నవ్వలేదు. అమ్మ తనని ఎందుకు ఆపుతోందో అర్థం కాక నోరు తెరుచుకుని చూస్తోంది. కానీ ప్రాణాలతో పని అని నువ్వే రాశావు కదా. ఎలుగుబంటే తప్పయితే?

టేపు లేకుండా నేను ఇల్లు కదలనని నీకు తెలుసు. సంచిలోంచి తీసి ఎలుగుబంటి పాదాల దగ్గర పెట్టి పైకి కొలిచాను. కింద రెండు గీతలూ కలిశాయి. పైకి పోయేకొద్దీ నా టేపు అంకెలు వెనకబడిపోతున్నాయి. ఎలుగుబంటి చేతి దగ్గర దాని ఒంటి మీద నలభై ఎనిమిది అని ఉంటే, నా టేపు నలభై ఏడే అంటోంది. "మీ ఎలుగుబంటి తప్పండీ" అన్నాను. ఆ అమ్మాయి ఇక విసుక్కోలేదు. బల్ల కిందనుంచి ఒక స్టీలు కొలబద్ద తీసింది. రోజూ పార్కు తెరిచే ముందు దాంతోనే ఎలుగుబంటిని కొలిచి చూస్తారట. నా ముందే కొలిచింది. ఎలుగుబంటి సరిగ్గా నాలుగడుగులు.

తాళంకప్ప గుర్తొచ్చింది అక్కా.

అక్కడే, ఎలుగుబంటి కాళ్ళ దగ్గరే కూలబడ్డాను. ఆ బరువుకి టేపు సాగిపోయింది. దుకాణానికి వచ్చినవాళ్ళని ఆ సాగిన టేపుతోనే కొలిచాను, ఆ టేపుతోనే కత్తిరించాను, అందుకే వాళ్ళ బట్టలన్నీ అతికినట్టు సరిపోయాయి. హోటలు అంకెలు ఒక్కటే వేరే టేపువి. నా అంగుళం వాళ్ళ అంగుళం కంటే పెద్దది కాబట్టి అన్నీ వదులయ్యాయి. నా చూపు తగ్గలేదు. నా చెయ్యి ఎక్కడికీ పోలేదు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదని మీ మరిదికి చెప్పకు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చేశాయి. ఆ క్యూలోనే హోటలు మూట, గుండీల పని, తాళంచెవి అన్నీ ఆయనకి కక్కేశాను. ఆయన టేపు చుట్టి నా సంచిలో పెట్టారు. తర్వాత, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా? ఎవరి సంచి వాళ్ళే మొయ్యాలన్నది బట్టల సంచుల గురించే" అన్నారు. మా అత్తగారు మాత్రం, "నేను శుభ్రం చేశాను. సాగడం దాని బుద్ధి" అన్నారు.

రోజూ బస్సు నడిపే మనిషి కదా, వేరేవాళ్ళు నడిపే బండి ఎక్కనని మొండికేసి మీ మరిది గొడుగు, బూట్లు పట్టుకుని కిందే ఉండిపోయారు. అత్తగారు, నేను, బుడ్డి ఎక్కాం. రైలు కిందికి దూకేటప్పుడు నా గొంతు ఎక్కడో పైనే ఉండిపోయింది. శిఖరం మీద రైలు ఒక్క క్షణం ఆగినప్పుడు బుడ్డి రెండు చేతులూ పైకెత్తి, "అమ్మా, ఇక్కణ్ణించి అందరూ నాకంటే పొట్టిగా ఉన్నారు" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కామో లెక్క లేదు. బళ్ళో ఇంకా బుడ్డీ అనే అంటున్నారట. "అననీ, నేను నాలుగడుగుల పైనే" అంటోంది.

రాగానే కొత్త టేపు కొన్నాను. హోటలు మూట విప్పి, అవే అంకెలతో, ఒక్కొక్కటీ విడదీసి మళ్ళీ కుట్టాను. నేనే తీసుకెళ్ళాను. వాళ్ళు తొడుక్కుని వరసగా నిలబడితే మేనేజరు చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క ముడత దొరకలేదు. "చూపు గురించి తొందరపడి ఏదో అన్నాను, క్షమించండి" అన్నాడు. "ఏమీ అనుకోకండి" అని నేనూ ఎంతో మర్యాదగా అన్నాను. వంటవాళ్ళ కోట్లు కూడా నాకే ఇచ్చాడు.

సెలవులకి మీరు మళ్ళీ పార్కుకి వెళ్తారట కదా. నువ్వు రాసినవాటికి నావి కొన్ని కలుపుకో. నీళ్ళ ఆటల తర్వాత తొడుక్కోవడానికి పొడి సాక్సులు ఉండాలి. ఫ్లాస్కు కింద అరటిపళ్ళు పెట్టకు, మేము పెట్టాం. అందరి టోపీలకీ ఒకే రంగు గుడ్డ పట్టీ కుట్టు, గుంపులో ఇట్టే కనబడతారు. తాళంకప్ప కూడా పెట్టుకో, నవ్వకు. లాడ్జీలో మా గది గడియ ఊడిపోయి ఉంటే మమ్మల్ని కాపాడింది అదే.

కత్తెర పంపడం లేదు. అది నాదే. టేపు పంపుతున్నాను. నీ పెట్టె చుట్టూ కట్టుకో, ఎంత సామానులో ఉన్నా గుర్తుపడతావు. దాంతో ఎవర్నీ కొలవకు.

నీ చెల్లెలు,
దర్జీ