రెండుగా విడదీసిన పేపరు

మిషన్ బడి అయ్యవారూ, మీరు పిరికివారు. ఊరు రెండు వర్గాలై నరుక్కుంటుంటే, లైబ్రరీ చూసుకునే మీరు ప్రొద్దుటూరు బస్సులో మన లైబ్రరీకి వచ్చే ఒక్క పేపరునూ రెండుగా విడదీసి, చెరో వర్గానికి చెరో సగం ఇచ్చి ఊరుకున్నారు. మీరు పోయాక కూడా నేను ఇదే మాట అంటూ వచ్చాను.

ఆ లైబ్రరీని పార్టీ ఆఫీసు చేస్తామని అవతలి వర్గం అంటే ఈరోజు పోట్లాడటానికి వెళ్లాను. వాళ్ల పెద్దాయన నవ్వాడు.

"మీ అయ్యవారు శానా గట్టోడప్పా. వార్త మొదలు మాకు, మిగతాది మీవాళ్లకు ఇస్తాండె. అంతా తెలుసుకోవాలంటే ఒకరినొకరు అడగాల్సిందే గదా. అట్ల మాటలు కలిసే రాజీకొచ్చినాం."

ఈ ఉపాయం మీకెలా తోచింది? మీరు బతికుండగా నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఎవరి పార్టీ పేపరు వాళ్లదే.

రేపు పంచాయతీకిచ్చే అర్జీలో ఇలా రాశాను:

లైబ్రరీని ఏ పార్టీకీ ఇవ్వకూడదు.
పేపరు ఒక్కటే తెప్పించాలి.
దాన్ని రెండుగా విడదీసి ఇవ్వాలి.