గడ్డం మీది బుడిపెలు

అమ్మాయీ,

ఆశీస్సులు. చర్మకణాలు గచ్చు మీద పలకలు పరిచినట్టుంటాయని రాశావుగా, నువ్వు మర్చిపోయి వెళ్ళిన భూతద్దంతో చూసుకున్నాను. చేతి మీదవి అర మిల్లీమీటరు. గడ్డం మీదవి బుడిపెల్లా లేచి, ఒక్కోటి మిల్లీమీటరు! కణాలు రెండింతలు వాచాయి. ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, కొలత తప్పను. భయంతో మిషను మూసేశాను.

మీ పిన్ని

తా.క.: బాబాయికి చెప్పాను. పేపరు దించి నా మొహం చూశారు. ఎన్నేళ్ళయిందో!

పిన్నీ,

నమస్తే. కణాలు ఆ అద్దానికి దొరకవు. మిల్లీమీటరు పొడవులో ముప్ఫై పడతాయి. చేతి మీద నువ్వు చూసినవి చర్మం గీతల మధ్య గళ్ళు. ఒక్కో గడిలో రెండొందల పైచిలుకు కణాలుంటాయి. ఆ బుడిపెలూ కణాలు కావు. మిషను తెరువు.

నీ అమ్మాయి

తా.క.: భూతద్దం దాచెయ్.

అమ్మాయీ,

ఉన్న కాస్త ధైర్యం కూడా పోగొట్టావు. నీ లెక్కన ఒక్కో బుడిపెలో ఏడెనిమిది వందల కణాలు. బుడిపెలు పదహారు, నాలుగేసి చొప్పున నాలుగు వరసలు. పన్నెండు వేల కణాలు కూడబలుక్కుని నా మీద లేచాయన్నమాట! పొద్దున ఉండవు, మధ్యాహ్నానికి వస్తాయి. మిషను మానేసి చేతికుట్టు పెట్టుకున్నాక ఇంకా ఎక్కువయ్యాయి. నా తర్వాత నా పెద్ద కత్తెర నువ్వే తీసుకో.

మీ పిన్ని

తా.క.: బాబాయి ఇవాళ గిన్నెలు తోమారు. అంత ముదిరిందన్నమాట.

పిన్నీ,

కత్తెర మాట చదివి నాకూ భయమేసింది. బయల్దేరదామని సంచీ సర్దుతుంటే వెలిగింది. నాలుగేసి చొప్పున నాలుగు వరసలా? ఏ జబ్బుకుందే అంత క్రమశిక్షణ? చేతికుట్టప్పుడు వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుంటావు, దాని నిండా చిన్న చిన్న గుంటలు. ఆలోచనలో పడితే ఆ వేలే గడ్డానికి ఆనిస్తావు. ఒకసారి నొక్కి చూడు. వెంటనే రాయి.

నీ అమ్మాయి

తా.క.: సంచీ ఇంకా విప్పలేదు.

అమ్మాయీ,

నొక్కాను. పదహారూ లేచాయి! తొడుగు తీసేసి కూర్చున్నాను, కాసేపటికి గడ్డం నున్నగా అయింది. గుండెల మీంచి మిషను దింపినట్టుంది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. సంచీ విప్పుకో. కత్తెర ఇవ్వను.

మీ పిన్ని

తా.క.: బాబాయికి ఇంకా చెప్పకు. గిన్నెలు బాగా తోముతున్నారు. రోజూ ఆయన లేచేలోపు తొడుగు పెట్టుకుని గడ్డం నొక్కుకుంటున్నాను.