చివరి ముద్ద పుస్తకం

సారూ,

ఎట్లున్నారు? మీరు పోయి మొన్న శుక్రవారానికి పది నెలలు నిండాయి.

ఇంట్లో మిమ్మల్ని ఏనాడూ సార్ అని పిలవలేదు. ఏమండీ అనేదాన్ని, కోపమొస్తే అదీ లేదు. ఇప్పుడు రోజూ నలభై మంది పిల్లలు నా చుట్టూ చేరి సార్ సార్ అని మీ జపమే చేస్తుంటే నాకూ అదే నోటికి అలవాటైంది. వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా కుళ్లుకోవడమే.

అవును, కుళ్లే. నలభై ఎనిమిదేళ్ల ఆడదానికి, అదీ ఒక టీచరుకు, పద్నాలుగేళ్ల పిల్లల మీద... నవ్వుకుంటే నవ్వుకోండి.

బండి ఆత్మకూరు బడి వదిలేశాను. ఎండాకాలం బదిలీల్లో ఆళ్లగడ్డ హైస్కూలు కోరుకున్నాను, మీ ఖాళీలోకే. మా అక్క బాగా తిట్టింది. నంద్యాలలో ఇల్లు పెట్టుకుని, దగ్గరున్న బడి వదులుకుని, రోజూ గంటసేపు బస్సులో నలుగుతూ పోయి రావడానికి నీకేం పట్టింది అంది. ఆయన జ్ఞాపకాల మధ్య ఉంటాను అని చెప్పాను. అది అబద్ధం. ఇన్నేళ్లూ అక్కడ మీరు ఏం మాట్లాడారో వినాలని పోయాను.

ఇంట్లో మీరు మాట్లాడే మనిషి కాదు కదా. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, పేపరు పట్టుకుంటే ఇక అంతే. ఈరోజు బడిలో ఏం జరిగింది అని అడిగితే "ఏముంటాది మ్మేయ్, సోషలే" అనేవారు. మీరు చెప్పేదీ సోషలే, నేను చెప్పేదీ సోషలే. ఇద్దరి చేతుల్లోనూ అదే పుస్తకం. దాని గురించి ఒక్క సాయంత్రమైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నామా? ఇరవై మూడేళ్ల కాపురంలో నాకైతే గుర్తు లేదు... మీకేమన్నా గుర్తుందా?

చివరి రోజు పొద్దున మీరు నాతో అన్న మాట కూడా "మ్మేయ్, క్యారియర్ యాడ పెట్టినావ్?" అన్నదే. కళ్లెదురుగానే ఉంది కదా అని విసుక్కున్నాను. సాయంత్రం బస్సు శిరివెళ్ల దాటాక మీ తల పక్క సీటాయన భుజం మీద వాలిపోయిందట. నిద్రపోతున్నారేమో అనుకుని ఆయన చాలాసేపు కదలకుండా కూర్చున్నాడట.

నాకు మిగిలింది క్యారియర్ మాట. వాళ్లకు మాత్రం ఆ రోజు చివరి పీరియడు మొత్తం మిగిలింది. గౌసియా దాన్ని ఇప్పటికీ పొల్లు పోకుండా అప్పజెబుతుంది. గౌసియా అంటే మీ క్లాసు లీడరు, పాత బస్టాండు దగ్గర గాజులమ్మే ఆయన కూతురు. మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్ల సంగతి తెలియంది నాకే.

జూన్‌లో మొదటి రోజు తొమ్మిదో తరగతిలోకి పోయాను. నిరుడు మీరు ఎనిమిదిలో చెప్పిన పిల్లలే. నేను ఎవరో వాళ్లకు ముందే తెలిసినట్టుంది, అందరూ నిలబడి నా ముఖంలోకి చూశారు. అందులో మిమ్మల్ని వెతుక్కున్నారు. దొరకలేదు. కూర్చున్నారు.

నేను చెప్పడం మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి "సార్ అయితే పుస్తకం మూసేయమంటాడు మేడమ్" అని ఒక గొంతు. ఇంకోరోజు "సార్ అయితే ఆయప్పే అంతా చెప్పడు, మమ్మల్నే అడుగుతాడు" అని. పందొమ్మిదేళ్లుగా సోషల్ చెబుతున్నాను. నా పిల్లలు ఏ పరీక్షలోనూ నా పరువు తీయలేదు. అయినా ఆ క్లాసులో నేను సెలవు మీద పోయిన టీచరుకు బదులు వచ్చినదాన్నే. ఆ సెలవు ఎప్పటికీ అయిపోదని వాళ్లకు మాత్రం ఎవరు చెబుతారు?

ఒకరోజు కుల వ్యవస్థ పాఠం చెబుతుంటే శిల్పుల దగ్గరికి పోయిన కథ బయటపడింది. ఒక శనివారం మీరు వాళ్లను విగ్రహాలు చెక్కే చోటికి నడిపించుకుపోయారట. సగం చెక్కిన అమ్మవారి ముందు నిలబెట్టి, "ఈ రాయిని రేపు గుళ్లో పెట్టినాక, దీన్ని చెక్కినాయన పోయి ముట్టుకోవచ్చునా? మోసినాయన? మీరు?" అని అడిగారట. శిల్పి ఉలి పక్కన పెట్టి, "కండ్లు తెరిపించినాక నేను గూడా గడప బయటే" అని ఆయనే జవాబు చెప్పాడట. పిల్లలు ఆ జవాబు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను బోర్డు వైపు తిరిగి తేదీ తుడిచి మళ్లీ రాశాను. ఎందుకో తెలుసా? ఆ శిల్పుల దగ్గరికి నన్ను తీసుకుపొమ్మని రెండుసార్లు అడిగాను మిమ్మల్ని. "ఏముందిలే ఆడ, అంతా దుమ్ము" అన్నారు. ఆ శనివారం మీ ప్యాంటుకు మోకాళ్ల దాకా రాతిపొడి. ఉతికింది నేను. ఆ పొడి ఎక్కడిదని అడిగితే బస్టాండులో రోడ్డు పని జరుగుతోంది అన్నారు. మాట్లాడాల్సి వస్తుందనా అబద్ధం చెప్పారు? లేక నన్ను తీసుకుపోలేదని కాస్త సిగ్గుపడ్డారా...

సరే, అసలు సంగతికి వస్తాను. పుస్తకం సంగతి.

వాళ్లకొక పుస్తకం ఉందని ఆగస్టులో తెలిసింది. దాన్ని చివరి ముద్ద పుస్తకం అంటారు. క్లాసు బీరువాలో ఉంటుంది, తాళంచెవి గౌసియా జామెట్రీ బాక్సులో. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు తమ ఇంట్లో వారం రోజులపాటు అందరికంటే చివర ఎవరు తిన్నారో, అప్పటికి ఏం మిగిలిందో అందులో రాయాలి. అంతే, దానికి మార్కులేమీ లేవు. అదేంటో చూపించు అన్నాను. గౌసియా లేచి నిలబడి, "అది చూపియ్యం మేడమ్. రాసినోళ్లే చదవల్ల. సార్ చెప్పినాడు" అంది. మర్యాదగానే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టుంది.

మీ బట్టలు నావి, మీ సర్వీసు కాగితాలు నావి, మీ ఫోటోకు దండ వేసేది నేను. మీ రహస్యం మాత్రం ఒక జామెట్రీ బాక్సులో.

బీరువా పగలగొట్టించొచ్చు, టీచరును కదా. ఆ పని చేయలేదు. అంతకంటే హీనమైన పని చేశాను. రెండు నెలలు వాళ్లకు ప్రశ్నలు, జవాబులు తప్ప ఇంకేమీ చెప్పలేదు. చర్చ లేదు, బయట తిరగడం లేదు. రాయండి, మూసుకోండి. సార్ అయితే అని ఎవరైనా మొదలుపెడితే నిలబెట్టాను. మీరు నలభై మందిని మాట్లాడించిన గదిని నేను మన ఇంటిలాగా చేసిపెట్టాను. అప్పటికి కాస్త మనసు చల్లబడింది కూడా, దాచడం ఎందుకు?

పోయిన గురువారం సమానత్వం పాఠం. ఇంటి చాకిరీని ఎవరూ పనిగా ఎంచరు అన్న పేరా చదివిస్తున్నాను. చదివే పిల్ల ఆగి, "దీన్ని సార్ శానా బాగా చెప్పినాడు మేడమ్" అంది.

అప్పుడు నోరు జారింది.

"ఇంత బాగా చెప్పిన మీ సారు ఇంట్లో ఏనాడూ తను తిన్న ప్లేటు తను తీయలేదు" అన్నాను. "ఒక్కరోజు కూడా నేను తిన్నానా లేదా అని అడగలేదు. తెలుసా మీకు?"

పోయిన మనిషిని, వాళ్లకు దేవుడిలాంటి మనిషిని, వాళ్ల ముందే కింద పడేశాను. పడేయాలనే అన్నాను. ఆ ఒక్క క్షణం నాకు బాగానే అనిపించింది. చెబుతున్నాను కదా, కుళ్లు అని.

గౌసియా లేచింది.

"తెలుసు మేడమ్. సార్ చెప్పినాడు."

మీరు చెప్పారట...

ఆ పిల్ల బీరువా తెరిచి, పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "మీ ఇల్లు ఇందులో ఉండాది మేడమ్. అందుకని మీరు చదవచ్చు. మొదటి పేజీ సార్‌దే. మేం మా ఇండ్లల్లో సంగతి రాయడానికి సిగ్గుపడతాంటే, ముందు నా ఇల్లు రాస్తా అని ఆయప్పే రాసినాడు."

మీ రాత. సరుకుల చీటీ మీద కోడి గీకినట్టు రాసే మీరు, వాళ్ల కోసం గుండ్రంగా, గీత తప్పకుండా రాశారు. అదీ వాళ్లకే.

సోమవారం, చివర తిన్నది వరలక్ష్మి, మిగిలింది అన్నం, చారు, కూర నేను రెండుసార్లు వేయించుకున్నాను. మంగళవారం, వరలక్ష్మి, నేను తిని పేపరు తీసుకున్నాను, ఆమె ఎప్పుడు తిన్నదో చూడలేదు. బుధవారం, వరలక్ష్మి, ఈరోజు చూశాను, నిలబడి గిన్నెలోనే తిన్నది. గురువారం, వరలక్ష్మి, ఊరుబిండి పచ్చడి అయిపోయింది, ఉల్లిగడ్డ కొరుక్కుంది...

అన్నిసార్లు నా పేరు. ఇంట్లో మ్మేయ్ తప్ప ఇంకో పేరు పెట్టి పిలవని మనిషి, పిల్లల పుస్తకంలో వరుసగా ఆరు రోజులు నా పేరు రాశారు. ఆ బుధవారం వంటింటి గడప దగ్గర నిలబడి ఏం చూస్తున్నారు అని అడిగాను, గుర్తుందా? "నీళ్లు" అన్నారు. చెంబు నిండా ఇచ్చాను. దాహం లేకపోయినా తాగారు.

ఇక ఆదివారం. సంకటి, కోడికూర చేసిన రోజు. మీరు ప్లేటు ముందు కూర్చోకుండా గరిటె పట్టుకుని, "మ్మేయ్, ఈపొద్దు నువ్వు ముందు తిను. నేను ఏస్తా" అన్నారు. నేనేమన్నాను? బయట తినొచ్చినారా అన్నాను. లేదన్నారు. అయితే కూర బాగలేదా, వాసన చూసే చెప్తాండారా అన్నాను. మీరు గరిటెతో అట్లాగే నిలబడ్డారు. లాక్కున్నాను. మీకు వడ్డించి నేను తినకుండా పడుకున్నాను, తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. తిండికి వంక పెట్టాడని మా అక్కకు ఫోను చేసి చెప్పాను కూడా.

ఆదివారం గడిలో మీరు ఇలా రాశారు. "ఆమెను ముందు తినమన్నాను. కూరకు వంక పెడుతున్నానని అనుకుంది. కోపంతో తినలేదు. నేను తిన్నాను. ఈరోజు చివర తిన్నవాళ్లు లేరు. పిల్లలూ, ముందు మాట చెప్పి తర్వాత గరిటె పట్టుకోవాలి. నాకు చేతకాలేదు. మీరు నేర్చుకోండి."

చదివి నేను ఏడ్చానని అనుకుంటున్నారేమో. లేదు. మండిపోయింది. ఆ ఆదివారం నాది. ఆ మాట నాది. దాన్ని కూడా తీసుకుపోయి వాళ్లకే ఇచ్చారా? మీరు తప్పు ఒప్పుకున్నారని నలభై మందికి ఏడాదిగా తెలుసు, నాకు తెలియదు. ఆ పూట నన్ను ముందు తినమన్నది నా మీద మనసుతోనా, పుస్తకంలో ఏడో గడి నింపడానికా? ఇప్పుడు ఎవరిని అడగాలి? గౌసియాను అడగనా?

ఆ పిల్ల ఇంకొకటి చెప్పింది. వాళ్ల వారం రాసి పుస్తకం ఇంటికి తీసుకుపోతే వాళ్ల నాయన ఆ పేజీ చదివించుకుని విన్నాడట. "ఇప్పుడు మా అమ్మీ కూసున్నాకే తింటాడు మేడమ్" అంది. మీ పాఠం గాజులాయన ఇంటి దాకా పోయింది. బస్సెక్కి నంద్యాల రావడానికి దానికి తీరిక లేకపోయింది.

ఇంటికి వచ్చాక, మీ ప్యాంట్లు ఉన్న బీరువా తెరిచి అప్పుడు ఏడ్చాను. అది వేరే లెక్క.

మర్నాడు గౌసియా చివరి ఖాళీ పేజీ తీసి నా ముందు పెట్టింది. "చదివినారు కదా మేడమ్. మీరూ రాయల్ల." ఆ క్లాసు నియమం అదే కదా. మీరు పెట్టిందే. నలభై మంది కళ్లు నా పెన్ను మీదే. మొదటిసారి నా ముఖంలో వాళ్లు మిమ్మల్ని వెతకలేదు.

ఈ వారం రాస్తున్నాను. సోమవారం, వరలక్ష్మి. మంగళవారం, వరలక్ష్మి. ముందూ నేనే, చివరా నేనే. ఉన్నదే ఒక్కదాన్నైతే ఏం రాయాలి అని పిల్లల్నే అడిగాను. ముప్పావు గంట మాట్లాడారు. ముసలోళ్లు, హాస్టలు పిల్లలు, మొగుడు దుబాయిలో ఉన్న ఆడోళ్లు... గంట కొట్టినా లేవలేదు. సార్ అయితే అని ఎవరూ అనలేదు. ఈ ప్రశ్న మీకు తోచలేదని కాస్త సంతోషపడ్డాను. కుళ్లు ఇంకా పోలేదు, పోతుందని కూడా మాటివ్వను.

ఇంకో మాట ఇస్తాను. వచ్చే ఆదివారం సంకటి, కోడికూర చేస్తాను. రెండు ప్లేట్లు పెడతాను. ముందు నేను తింటాను, కూర్చుని, కడుపు నిండా, కూర రెండుసార్లు వేసుకుని. మిగిలింది మీకు. ఏం మిగిలిందో కూడా ఉన్నదున్నట్టు రాస్తాను.

సోమవారం పొద్దున బస్సులో పోయి, ఏడో గడిలో, చివర తిన్నది అన్న చోట మీ పేరు రాస్తాను. ఓబులేసు అని. గుండ్రంగా.

ఇట్లు,
వరలక్ష్మి