డబ్బాలో ఐదు చీటీలు

జూన్ 3, సోమవారం
కోడలు ఈ డైరీ కొనిచ్చింది. రోజూ నాలుగు ముక్కలు రాయండి మామయ్యా, లేకపోతే నేర్చిన అక్షరాలు పారిపోతాయి అంది. అరవై ఆరేళ్లకు అక్షరాలు! మున్సిపల్ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పని పోతుంది.

ప్రతి సోమవారం, ఆ వారం కట్టడాల తనిఖీకి ఏ ఇంజనీరు వెళ్లాలో డబ్బాలోంచి చీటీ తీసేది నేను. ఐదుగురు ఇంజనీర్లు, ఐదు చీటీలు. ఎవరొస్తారో కంట్రాక్టరుకు ముందే తెలియకూడదని పాత ఆఫీసరు పెట్టిన పద్ధతి. చదువురాని చెయ్యి ఎవరి పక్షమూ పట్టదు, నువ్వే తియ్యి అన్నాడాయన. నేను రిటైరైనా ఆ పని నన్ను వదల్లేదు. డబ్బా పట్టుకుంటే మంత్రయినా నా ముందు ఆగాల్సిందే.

జూన్ 10
మళ్లీ నవ్వుల ఇంజనీరే. వరసగా నాలుగోసారి. కంట్రాక్టరు ఏం చెప్పినా నవ్వి సంతకం పెట్టే మనిషి. కొత్త ఆఫీసరు నా భుజం తట్టి, నీది బంగారు చెయ్యి తాతా అన్నాడు. పొంగిపోయాను.

జూన్ 14
కోడలు ఆసుపత్రిలో ఆయా. బాలింతల వార్డు మీద కొత్త అంతస్తు వేస్తున్నారు. పైనుంచి పెచ్చులు రాలుతుంటే మంచాలు పక్కకు జరుపుతున్నారట. సోమవారం తనిఖీ దానికే. ఈసారి కూడా మీ బంగారు చెయ్యే కదా మామయ్యా అని దెప్పింది. ఐదు చీటీల్లో నాలుగుసార్లూ ఒకే పేరు ఎలా వచ్చిందా అని వేళ్లు మడిచి లెక్కేశాను.

జూన్ 17, ఉదయం ఏడు
ఆఫీసు ఊడ్చే వేళకే వెళ్లి డబ్బా తెరిచాను. కూడబలుక్కుని ఒక చీటీ చదివాను. నవ్వులాయన పేరు. రెండోదీ అదే. ఐదూ అదే.

నాకు చదువు రాదని కొత్త ఆఫీసరు ధీమా.

నోరు మూసుకుంటే డబ్బా నాది. విప్పితే పోతుంది. పోనీ.

అదే రోజు, సాయంత్రం
జనం ముందు ఒకటి తీశాను. ఆఫీసరు చేతికివ్వకుండా నేనే పైకి చదివాను. రెండోది తీశాను. తాతా, ఒకటి చాలు అన్నాడు ఆఫీసరు. ఒత్తు దగ్గర తడబడ్డాను, ఆగలేదు. ఐదూ చదివాను. నీకు చదువెప్పుడొచ్చిందిరా అని అరిచాడు. తమరికి సిగ్గెప్పుడొస్తుందండీ అన్నాను. అందరూ నవ్వారు, నవ్వుల ఇంజనీరు తప్ప.

చదువొచ్చింది కాబట్టి ఇక నేను తియ్యకూడదు, బయటివాళ్లెవరైనా తియ్యండి, మిగిలిన చీటీలు కూడా అందరి ముందూ విప్పండి అన్నాను. ఆ మాట రిజిస్టరులో ఎక్కేదాకా డబ్బా చంకలోంచి దించలేదు. రాశారు. చదివి చూసుకున్నాకే ఇచ్చాను.

జూన్ 18
రేపట్నించి రావద్దన్నారు.

జూన్ 20
ఈసారి వేరే ఇంజనీరు వెళ్లి చూసి వార్డు ఖాళీ చేయించాడు. పైన పని ఆగింది. కోడలు మంచాలు మోసి నడుం పట్టేసిందని తిట్టింది. నన్నే.

జూన్ 24
చీటీ టీ అమ్మే ఆమె తీసింది. మిగిలినవి నీళ్ల బిల్లు కట్టడానికొచ్చినవాళ్లు విప్పారు. ఐదు వేర్వేరు పేర్లు.

నాలుగోది నేను చదివాను, క్యూలో నిలబడి.